అట్లాంటిస్ సినిమా: అంత గొప్ప లోకం కట్టి, కథ దగ్గర ఎందుకు తేలిపోయింది?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. డిస్నీ వాళ్ళు 2001లో తీసిన ‘అట్లాంటిస్: ద లాస్ట్ ఎంపైర్’ గురించి అడగాలని ఎప్పటినుంచో ఉంది. మొన్న మా తమ్ముడితో కలిసి మళ్ళీ చూశాక ఇక ఆగలేక రాస్తున్నా. మొదటి అరగంట చూస్తే అడ్వెంచర్ సినిమా అంటే ఇలా ఉండాలి అనిపిస్తుంది. చివరి అరగంటకి వచ్చేసరికి ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఒక సీన్ మీద ఇంకో సీన్ వచ్చి పడిపోతూ ఉంటుంది, అయిపోయాక కడుపు నిండదు.

చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ. 1914వ సంవత్సరం. మైలో థాచ్ అని వాషింగ్టన్‌లో ఒక మ్యూజియం ఉద్యోగి. చదివింది పాత భాషలు, చేసేది బాయిలర్ చూసుకునే పని. సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ నగరం నిజంగానే ఉందని వాళ్ళ తాత జీవితాంతం నమ్మాడు, ఇతనూ నమ్ముతాడు, మ్యూజియం పెద్దలు మాత్రం అసలు వినిపించుకోరు. తాత స్నేహితుడైన ఒక ముసలి కోటీశ్వరుడు ఇతన్ని పిలిపించి, దారి చూపే పాత పుస్తకం చేతిలో పెట్టి, యులిసెస్ అనే పెద్ద సబ్‌మెరైన్‌నీ 200 మంది బృందాన్నీ ఇచ్చి పంపిస్తాడు. అడుగున కాపలా ఉన్న లెవయతాన్ అనే యంత్రం ఆ సబ్‌మెరైన్‌ని ముక్కలు చేసేస్తుంది. బతికి బయటపడ్డ కొద్దిమంది గుహల గుండా వెళ్ళి నగరం చేరితే, అక్కడ మనుషులు ఇంకా బతికే ఉన్నారు! రాకుమారి కీడాకీ మైలోకీ స్నేహం కుదురుతుంది. కమాండర్ రూర్క్ వచ్చింది మాత్రం ఆ నగరానికి ప్రాణం పోస్తున్న స్ఫటికాన్ని ఎత్తుకెళ్ళి అమ్ముకోవడానికి.

వినడానికే ఎంత బాగుంది! పైగా తీసింది కొత్తవాళ్ళు కాదు. దర్శకులు గ్యారీ ట్రౌస్‌డేల్, కర్క్ వైజ్, నిర్మాత డాన్ హాన్. 1991లో ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ తీసి, ఒక బొమ్మల సినిమాకి మొట్టమొదటిసారి ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ముగ్గురూ వీళ్ళే. డబ్బుకీ లోటు లేదు, ఖర్చు 9 నుంచి 12 కోట్ల డాలర్ల మధ్య అని చెబుతారు. ఆ నగరం వాళ్ళు మాట్లాడే భాష కోసం ‘స్టార్ ట్రెక్’లో క్లింగాన్ భాషని తయారుచేసిన మార్క్ ఓక్రాండ్‌నే పిలిపించారు, లిపి కూడా వేరే గీయించారు, అది ఒక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరస కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళు కథ దగ్గర ఎందుకు అంత తొందరపడ్డారు?

పాటలు లేకపోవడం వల్లా, ఆ టైంలో వేరే పెద్ద సినిమాలు ఉండటం వల్లా, లేక కథలోనే లోపమా? మా తమ్ముడేమో “ఫ్లాప్ సినిమా గురించి ఇంత ఆలోచన ఎందుకన్నయ్యా” అంటాడు. చెత్త సినిమా అయితే నేనూ మర్చిపోయేవాణ్ణి. ఇది అలాంటిది కాదు కాబట్టే అడుగుతున్నా.

రంగులగది:

మంచి ప్రశ్న వేశారండీ. నేను హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో లేఅవుట్ పని చేస్తాను, అంటే ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఉండాలో గీసే పని. ఈ సినిమా ఫ్రేములు ఆపి ఆపి చూసి నేర్చుకున్నది చాలా ఉంది, అందుకే దీని మీద ప్రేమా ఎక్కువే, కోపమూ ఎక్కువే.

ముందు బొమ్మ సంగతి. ‘హెల్‌బాయ్’ కామిక్స్ సృష్టికర్త మైక్ మిగ్నోలాని ప్రొడక్షన్ డిజైన్‌కి తీసుకుని, సినిమా మొత్తాన్ని ఆయన గీతకి దగ్గరగా నడిపారు. డిస్నీ అంటే మనకి గుండ్రటి బుగ్గలు, మెత్తటి వంపులు గుర్తొస్తాయి కదా. ఇందులో ఎవరి చేతివేళ్ళైనా ఒకసారి ఆపి చూడండి, కోణాలు తేలి పలకలు పలకలుగా ఉంటాయి. దవడలు నలుచదరంగా ఉంటాయి. నీడలు మెల్లగా మసకబారవు, అంచు తెగ్గొట్టినట్టు నల్లగా ఒక్కసారే పడతాయి. రూర్క్ మొహం మీద సగం వెలుగు, సగం చీకటి పడే షాట్లు ఉన్నాయి, ఆ మనిషి మీద అనుమానం రావడానికి డైలాగ్ అక్కర్లేదు, ఆ నీడే చాలు. నగరం కట్టడాలు కూడా గ్రీకు స్తంభాల దారి పట్టలేదు. చైనా, దక్షిణ అమెరికా, మధ్యప్రాచ్యం పాత కట్టడాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయేమో అనిపించేలా కలిపి గీశారు. జేమ్స్ న్యూటన్ హోవార్డ్ సంగీతం కూడా అంతే, నగరం కనిపించగానే ఇండోనేషియా గమెలాన్ గంటల నాదం వస్తుంది.

ఫ్రేమ్ వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు, అంటే పూర్తి సినిమాస్కోప్. చేత్తో గీసే సినిమాకి ఇది చిన్న విషయం కాదు. పెద్ద కాగితాలు, కొత్త బల్లలు, పరికరాలు అంటే ఖర్చు పెరుగుతుంది కాబట్టి, ఉన్న కాగితం మీదే చిన్న ఫ్రేమ్ కట్టుకుని అందులోనే వెడల్పు సాధించారు. మా పనిలో ఉన్నవాళ్ళకి ఇది వింటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మీరడిగిన చోటికి వస్తాను. నా లెక్కలో సినిమా జారింది క్లైమాక్స్‌లో కాదు, సబ్‌మెరైన్ మునిగిన వెంటనే. లెవయతాన్ దాడి అద్భుతంగా ఉంటుంది, దాని గోళ్ళు సబ్‌మెరైన్ రేకుని చీల్చడం, లోపల నీళ్ళు తోసుకురావడం, మనుషులు పరిగెత్తడం, చిన్న చిన్న పడవల్లాంటివి విడివడి గుహవైపు పారిపోవడం. అంతా అయ్యాక మిగిలినవాళ్ళు ఒడ్డున నిలబడతారు. ఒక హెల్మెట్‌లో కొవ్వొత్తి వెలిగించి నీళ్ళ మీద వదులుతారు. కొన్ని గంటల కింద 200 మందితో బయల్దేరాం, మిగిలింది మనమే అని రూర్క్ చెబుతాడు. డిస్నీ సినిమాలో అంతమంది పోవడం, దాని గురించి ఒక నిమిషం మౌనంగా నిలబడటం, ఇది మామూలు ధైర్యం కాదు.

తర్వాత ఏం జరుగుతుంది? కాసేపటికే ప్రయాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా చూపించే మాంటేజ్ మొదలవుతుంది, మైలోని అందరూ ఆటపట్టించడం, నువ్వు తాగింది నైట్రోగ్లిజరిన్ అని భయపెట్టడం, ఇలాంటివి. పోయినవాళ్ళ ఊసు మళ్ళీ ఎవరి నోటా సరిగ్గా వినపడదు. ఒక్కరికి కూడా అందులో ఒక స్నేహితుడు పోయిన బాధ ఉండదు. అంత పెద్ద దెబ్బ తిన్న మనుషులు సాయంత్రానికి అలా ఉండరు. చూసేవాడికి అక్కడ ఒక సంకేతం అందిపోతుంది: ఈ సినిమాలో ఏం జరిగినా బరువు ఉండదు, తర్వాతి సీన్ వచ్చేస్తుంది అని. ఆ తర్వాత రాజు చనిపోయినా, నగరం కూలబోతున్నా మన గుండెకి తగలకపోవడానికి కారణం అక్కడే ఉంది.

మొత్తం నిడివి 95 నిమిషాలు. ఆ 95లో నగరానికి చేరేసరికే సగం దగ్గర పడుతుంది. ఇంకా బాధేంటంటే, దారిలో లావాలో ఈదే తిమింగలాలు లాంటి జీవాలతో ఇంకొన్ని సాహసాలు కూడా ముందు అనుకున్నారు, నగరం చేరడం ఆలస్యమవుతోందని తీసేశారు. సరే, మంచి నిర్ణయమే. అలా మిగిల్చిన టైం నగరానికి ఇచ్చారా అంటే అదీ లేదు.

మ్యాటినీషో:

అన్నా, మీరు చెప్పిన బొమ్మ సంగతి మొత్తం ఒప్పుకుంటా, కానీ మనుషులకి టైం ఇవ్వలేదు అంటే మాత్రం ఒప్పుకోను. నెగడు చుట్టూ కూర్చుని మాట్లాడుకునే సీన్ మర్చిపోయారా? ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఆడ్రీ అనే మెకానిక్ పిల్ల చెబుతుంది కదా, వాళ్ళ నాన్నకి ఇద్దరు కొడుకులు కావాలని ఆశ, ఒకడు వర్క్‌షాప్ చూసుకోవాలి, ఇంకొకడు బాక్సింగ్ ఛాంపియన్ కావాలి. పుట్టింది ఇద్దరూ ఆడపిల్లలు. ఈమె రెంచీ పట్టుకుంది, అక్కేమో బాక్సింగ్ రింగ్‌లో దూసుకుపోతోంది. నాన్నతో కలిసి రెండో షాపు తెరవడానికి డబ్బు కూడబెడుతోంది. విన్నీ కథ చూడండి, బాంబుల మనిషి, వాళ్ళింట్లో పూలకొట్టు. పక్క కొట్టులో గ్యాస్ పేలిన రోజున తన దారి ఏంటో తెలిసొచ్చింది అంటాడు. ఆ మాట చెప్పే గొంతు డాన్ నోవెల్లోది, మొహంలో ఒక్క కండరం కదలకుండా చెప్పినట్టు ఉంటుంది. డాక్టర్ స్వీట్, మట్టి తవ్వే మోల్, ఎప్పుడూ ఫోన్‌లో కబుర్లు చెప్పే ముసలి మిసెస్ ప్యాకర్డ్, వంటవాడు కుకీ. కుకీకి గొంతు ఇచ్చిన జిమ్ వార్నీ 2000లోనే పోయాడు, సినిమా విడుదల చూడలేదు. ఏ దేశంవాడో, ఏ రంగువాడో అని చూడకుండా ఇంతమందిని ఒక బృందంగా పెట్టడం ఆ రోజుల్లో డిస్నీలో నేనైతే ఇంకెక్కడా చూడలేదు. వీళ్ళందరినీ నిద్రలో లేపినా పేరు పేరునా చెప్పగలను. అది రాతలో ఉన్న బలం కాదా?

నా ఫిర్యాదు రూర్క్ మీద. జేమ్స్ గార్నర్ గొంతులో ఎంత నిబ్బరం ఉంది! అంతసేపు నమ్మకమైన నాయకుడిగా చూపించి, ఒక్క సీన్‌లో మైలో వెనక్కి తిరిగి చూసేసరికి అందరి చేతుల్లో తుపాకులు. సరే, మలుపు బాగుంది, నాకు కూడా షాక్ తగిలింది. తర్వాత ఆ మనిషి మామూలు డబ్బు పిచ్చి విలన్ అయిపోయాడు. ఆ కొవ్వొత్తి ముందు నిలబడి మాట్లాడినప్పుడు అతనికి నిజంగా బాధ ఉందా, నటించాడా? అది తెలిస్తే ఎంత గొప్ప విలన్ అయ్యేవాడు. సినిమా ఆ ప్రశ్న వేసుకోనే లేదు. రూర్క్ కుడిభుజం లాంటి హెల్గా నయం, చివర్లో బరువు తగ్గించడానికి రూర్క్ తనని తోసేసిన ఆ బెలూన్ మీదకి కిందపడి ఉండి కూడా ఫ్లేర్ గన్ పేలుస్తుంది. ఒక్క దెబ్బతో ఆమె ఎవరో తెలిసిపోయింది.

రంగులగది:

మ్యాటినీషో తమ్ముడూ, ఆ నెగడు సీన్ నాకూ ఇష్టమే. నిజానికి నా మాటకి సాక్ష్యం అదే. ఐదు నిమిషాలు కూడా లేని సీన్‌లో వాళ్ళు మనకి ఇంతకాలం గుర్తుండిపోయారు. అలాంటివి ఇంకో రెండు ఉంటే? మీరు చెప్పిన అదే ఆడ్రీ, అదే విన్నీ తర్వాత రూర్క్ పక్కన తుపాకులతో నిలబడతారు, స్ఫటికంలో కలిసిపోయిన కీడాని పెట్టెలో పెట్టి తీసుకెళ్ళడానికి సిద్ధపడతారు, వెళ్ళే ముందు మైలో నాలుగు మాటలు అనగానే ఒకరి తర్వాత ఒకరు ఇటు వచ్చేస్తారు. మేం సమాధులు దోచుకున్నాం గానీ ఎవరికీ హాని చేయలేదు అన్నట్టు విన్నీ చెబుతాడు. ఆడ్రీ ఎందుకు అటు వెళ్ళింది? నాన్న షాపు కోసమా? ఆ షాపు డబ్బు వదులుకుని ఇటు రావడం ఆమెకి ఎంత కష్టం! నెగడు దగ్గర నాటిన విత్తనం మొలకెత్తాల్సింది ఇక్కడే కదా. ఒక్క మాట కూడా లేదు. పాత్రలు బాగా పుట్టాయి, పెరగనివ్వలేదు.

అమ్మచేతివంట:

ఈ చర్చ చూసి నేను కూడా రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, పోయిన వేసవి సెలవుల్లో ఈ సినిమా చూపించాను. పిల్లలు పట్టుకునే చోటు మనం పట్టుకోం.

కీడా మైలోని ఒక చోటికి తీసుకెళ్ళి చేప ఆకారంలో ఉన్న రాతి వాహనం చూపిస్తుంది. ఎంత ప్రయత్నించినా ఇది నడవట్లేదు, దీని మీద ఏదో రాసి ఉంది, నువ్వు చదువు అంటుంది. మైలో చదువుతాడు: స్ఫటికం ఆ రంధ్రంలో పెట్టు, పలక మీద అరచెయ్యి ఆనించు, చెయ్యి ఆనించి ఉండగానే స్ఫటికాన్ని కొద్దిగా వెనక్కి తిప్పు. స్ఫటికం తిప్పినప్పుడు చెయ్యి పలక మీదే ఉందా అని అడిగితే, ఆమె ఆలోచించి, లేదు అంటుంది. చెయ్యి పెట్టి తిప్పగానే అది బుర్రుమని గాల్లోకి లేస్తుంది. చూడ్డానికి ముచ్చటైన సీన్. మా పిల్ల వెంటనే “అమ్మా, నగరం మునిగినప్పుడు ఆ అమ్మాయి అక్కడే ఉంది కదా, వాళ్ళ భాష వాళ్ళకే ఎందుకు చదవడం రాదు?” అంది.

నిజమే కదా! సినిమా మొదటి సీన్‌లోనే ఉంది. అల ముంచుకొస్తుంటే స్ఫటికం వెలుగు వాళ్ళమ్మని పైకి లాక్కుపోతుంది, పిల్ల కీడా చేతిలో వాళ్ళమ్మ గాజు మిగిలిపోతుంది. ఆ పిల్లే వేల ఏళ్ళ తర్వాత ఈ కీడా. వాళ్ళ నాన్న, రాజు, ఆయన కూడా బతికే ఉన్నాడు. రాజు నుంచి కాపలావాడి దాకా ఒక్కరికీ చదవడం రాకపోతే, అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు పుస్తకాలు చూసి నేర్చుకుని వాళ్ళకి చదివి పెట్టాలా? ఇది మైలోని గొప్పవాణ్ణి చేయడానికి మొత్తం ఒక జాతికి చదువు లేకుండా చేయడమే. నాకు ఇది చాలా గట్టిగా తగిలింది.

దీనికి జవాబు కథలోనే ఉంది, వాళ్ళే వాడుకోలేదు. రాజు చనిపోయే ముందు ఒప్పుకుంటాడు, గర్వంతో స్ఫటికాన్ని యుద్ధానికి ఆయుధంగా వాడబోయాను, అది అదుపు తప్పి మమ్మల్ని ముంచేసింది, అందుకే దాచేశాను అని. అలాంటప్పుడు ఆ రాజే రాతల్ని కూడా దాచేశాడని, మళ్ళీ ఎవరూ ఆ తప్పు చేయకూడదని చదువునే నిషేధించాడని ఒక్క సీన్ పెడితే చాలదూ? కీడా తండ్రి మాట దాటి దొంగతనంగా నేర్చుకోవాలని చూస్తున్నట్టు ఉంటే, మైలో దగ్గరికి రావడానికి ఎంత బలమైన కారణం! తండ్రీకూతుళ్ళ మధ్య ఒక గొడవ కూడా పుట్టేది. ఇప్పుడు ఉన్నట్టుగా రాజు చివర్లో రహస్యం చెప్పి చనిపోతాడు, ఆ మాటలు కూడా కూతురితో కాదు, మైలోతో.

ఇంకొకటి. కీడా పరిచయం ఎంత బాగుంటుందో చూడండి. మొహానికి మాస్క్, చేతిలో ఈటె, గాయపడ్డ మైలో దగ్గరికి అందరికంటే ముందు వచ్చి స్ఫటికంతో గాయం మాన్పుతుంది. క్రీ సమ్మర్ గొంతు కూడా ఎంత చక్కగా సరిపోయిందో. అలాంటి అమ్మాయి స్ఫటికంలో కలిసిపోయాక మాటా పలుకూ లేకుండా నడిచే వెలుగు అయిపోతుంది. పెట్టెలో పెట్టి మోసుకెళతారు. ఆమె నగరం కోసం జరిగే పోరాటంలో ఆమె లేదు. చివర్లో పెద్ద పెద్ద రాతి మనుషులు లేచి చేతులు చాచి లావాని ఆపే దృశ్యం ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంది, అది ఆమె చేయిస్తున్నదే, కానీ ఆమె మనసులో ఏముందో మనకి తెలీదు. వాళ్ళమ్మని పోగొట్టుకున్నది ఆ వెలుగులోనే. ఆ వెలుగులోకి తనే వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లకి భయం వేసిందా, వాళ్ళమ్మ గుర్తొచ్చిందా? అది చూపించి ఉంటే నేను ఏడ్చేసేదాన్ని.

గోదారిగట్టు:

అమ్మచేతివంట గారూ, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి చేతులెత్తి దండం పెట్టాలండీ. నేను ఎన్నిసార్లు చూసినా ఆ చేప సీన్‌లో నవ్వుకున్నానే గానీ ఆ కోణంలో ఆలోచన రాలేదు. రాజు చదువుని నిషేధించాడన్న మీ ఆలోచన వింటుంటే ఆ సినిమా కళ్ళ ముందు కనిపిస్తోంది.

పాటల సంగతి ఎవరూ ఎత్తలేదు. తీసేటప్పుడు ఆ బృందం “పాటలు తక్కువ, పేలుళ్ళు ఎక్కువ” అని టీ-షర్టులు వేయించుకుని తిరిగారట కదా. డిస్నీ సినిమాకి వచ్చే కుటుంబాలు అందుకే దూరం అయ్యాయంటారా?

పాతక్యాసెట్:

వ్యాపారం వైపు నుంచి నేను చెబుతా. ‘ష్రెక్’ అనే ఇంకో బొమ్మల సినిమా వచ్చింది 2001 మే 18న. అట్లాంటిస్ అమెరికా అంతటా విడుదలైంది జూన్ 15న, అప్పటికి కూడా ష్రెక్ ఇంకా జోరు మీదే ఉంది. పైగా అదే జూన్ 15న ‘లారా క్రాఫ్ట్: టూంబ్ రైడర్’. అంటే చిన్నపిల్లలు అటు, సాహసం కావాలనుకునే కుర్రాళ్ళు ఇటు లాక్కుపోయారు. అమెరికాలో సుమారు 8.4 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపితే 18.6 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే, పెట్టిన ఖర్చుకీ, థియేటర్ల వాటా పోగా మిగిలేదానికీ అది సరిపోదు. ఆ ఏడాది నుంచే ఆస్కార్‌లో బొమ్మల సినిమాలకి విడిగా అవార్డు మొదలైంది, ష్రెక్ తీసుకుంది, అట్లాంటిస్‌కి నామినేషన్ కూడా రాలేదు.

అయితే పోటీ ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. మరుసటి ఏడాది, 2002లో, అదే డిస్నీ ఫ్లోరిడా స్టూడియోలో క్రిస్ సాండర్స్, డీన్ డెబ్లోయిస్ ‘లీలో అండ్ స్టిచ్’ తీశారు. ఖర్చు 8 కోట్ల డాలర్లు, వచ్చింది 27 కోట్లకి పైగా. అదీ చేత్తో గీసిందే, అందులోనూ అంతరిక్ష నౌకలు, తుపాకులు ఉన్నాయి. ఇంకో పక్క అదే ఏడాది చివర్లో డిస్నీదే ‘ట్రెజర్ ప్లానెట్’కి 14 కోట్ల డాలర్లు పెట్టి సుమారు 11 కోట్లతో సరిపెట్టుకున్నారు. లీలోలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకుని తలుపులు వేసుకునే సీన్ ఉంది, దాని ముందు ఏ లెవయతానూ నిలబడదు. జనం చేత్తో గీసిన సినిమాలకి దూరమయ్యారు అని తర్వాత కంపెనీ తేల్చుకున్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకో నష్టం కూడా జరిగింది. ఈ సినిమాని కొనసాగిస్తూ ‘టీమ్ అట్లాంటిస్’ అని టీవీ సీరియల్ మొదలుపెట్టారు. సినిమా ఆడకపోయేసరికి ఆపేశారు, అప్పటికి తయారైన మూడు ఎపిసోడ్లని అతికించి 2003లో ‘మైలోస్ రిటర్న్’ అని నేరుగా వీడియోలో వదిలారు. అది చూడమని నేను ఎవరికీ చెప్పను, సినిమాలో ఉన్న గీత, రంగు ఏవీ అందులో లేవు. కానీ సీరియల్ అన్న ఆలోచన మాత్రం సరైనదే. ఈ కథకి కావాల్సింది వారం వారం మెల్లగా తెరుచుకునే నిడివి. జపాన్‌లో గైనాక్స్ స్టూడియో వాళ్ళు 1990లో మొదలుపెట్టిన ‘నాదియా: ద సీక్రెట్ ఆఫ్ బ్లూ వాటర్’ అనే టీవీ సీరియల్‌తో దీనికి పోలికలు ఉన్నాయని విడుదలప్పుడు పెద్ద గొడవ జరిగింది, దర్శకులు కాదన్నారు, ఆ తగాదాలోకి నేను వెళ్ళను. నేను చెప్పేది, అక్కడ సబ్‌మెరైన్‌లో ఉన్న మనుషుల్ని తెలుసుకోవడానికి 39 ఎపిసోడ్లు ఉన్నాయి. ఇక్కడ గంటన్నర.

మ్యాటినీషో:

పాతక్యాసెట్ అన్నా, నిడివి తక్కువైతే కథ చిన్నది ఎంచుకోవాలి కదా, అది మాత్రం నిజం. 200 మంది, సబ్‌మెరైన్, గుహలు, నగరం, రాజు, దేవత లాంటి స్ఫటికం, అగ్నిపర్వతం. ఇందులో ఏ రెండు పట్టుకున్నా ఒక సినిమా. అయినా నేను ఇప్పటికీ దీన్ని ఫ్లాప్ అని పిలవను. నా వయసు కుర్రాళ్ళలో దీన్ని టీవీలో చూసి పెరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, మైలోని చూసి పాత లిపుల మీద ఆసక్తి పుట్టినవాడు మా క్లాసులోనే ఒకడు ఉన్నాడు.

రంగులగది:

గోదారిగట్టు గారూ, పాటల గురించి అడిగారు కదా, దానికి నా జవాబు కొంచెం పెద్దది.

పాటలు తీసేయడం తప్పు కాదు. వాళ్ళు 1996లో ఈ ఆలోచన మొదలుపెట్టినప్పుడే జూల్స్ వెర్న్ కథల లాంటి పాతకాలం సాహసం తీయాలనుకున్నారు, అందులో హీరో ఆగి పాట పాడితే బాగుండదు. కానీ డిస్నీ సినిమాలో పాట ఏం పని చేస్తుందో చూడండి. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ మొదట్లో బెల్ పుస్తకం పట్టుకుని ఊరంతా తిరుగుతూ పాడుతుంది. ఆ పాట అయ్యేసరికి ఆమెకి ఏం కావాలో, ఊరు ఆమె గురించి ఏమనుకుంటోందో, గాస్టన్ ఎలాంటివాడో అన్నీ తెలిసిపోతాయి. మనసులో ఉన్నది బయటికి చెప్పే పని పాటది. అదే ముగ్గురు, ఈ సినిమాలో పాట తీసేశారు, ఆ పని చేయడానికి దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. ఆ ఖాళీలో పేలుళ్ళు పెట్టారు. పేలుడు మనసులో మాట చెప్పదు.

పెట్టిన ఒకటి రెండు చోట్ల ఎంత బాగా వచ్చిందో చూడండి. మైలో, కీడా నీళ్ళలోకి దూకి, మునిగిపోయిన గోడ మీద బొమ్మలు చూస్తారు. కింద చీకటి, గోడ మీద స్ఫటికం వెలుగు నీలంగా పాకుతుంది, మైలో ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావడం, మళ్ళీ మునగడం. ఆ ఇద్దరూ ఒకరినొకరు నమ్మడం మొదలుపెట్టింది అక్కడే. తుపాకీ లేదు, జోకు లేదు, తొందర లేదు. ఆ కాసేపు సినిమా తను ఏం కాగలదో చూపించింది. పైకి తేలగానే రూర్క్ మనుషులు తుపాకులతో ఎదురుగా ఉంటారు, ఇక అక్కడి నుంచి చివరిదాకా పరుగే.

నన్ను కత్తెర పట్టుకోమంటే చివరి గాలి యుద్ధంలోంచి మూడు నాలుగు నిమిషాలు తీసేస్తా. రాతి చేపలు, విమానాలు ఒకదాన్నొకటి తరుముకోవడం బాగా గీశారు కానీ అవి సగం ఉన్నా అర్థం అవుతుంది. అలా మిగిలింది రెండు చోట్ల పెడతా. ఒకటి, బృందం ఆ రాత్రి నగరంలో ఉన్నప్పుడు ఆడ్రీ, స్వీట్ అక్కడి జనంతో కూర్చుని తినే సీన్, ఆ ఇంట్లో పిల్లలు, ఆ ఇల్లాలు, ఏదో ఒకటి, రేపు పొద్దున వీళ్ళ ప్రాణాన్ని మనం ఎత్తుకెళ్ళబోతున్నాం అని వీళ్ళకి మొదటిసారి గుచ్చుకోవాలి. రెండోది అమ్మచేతివంట గారు చెప్పిన తండ్రీకూతుళ్ళ గొడవ. ఇవి రెండూ ఉంటే మిగతా సినిమాలో ఒక్క ఫ్రేమ్ మార్చక్కర్లేదు, అదే క్లైమాక్స్ మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టేది.

ఇంకో విషయం, చాలామందికి తెలియదు. ఈ సినిమాకి వేరే ప్రారంభం ఉంది. వైకింగులు ఆ పాత పుస్తకం పట్టుకుని ఓడలో అట్లాంటిస్‌ని వెతుక్కుంటూ వచ్చి లెవయతాన్‌కి బలైపోయే సీన్. పూర్తిగా రంగులేసి తయారుచేసి, తర్వాత తీసేశారు, డీవీడీలో తొలగించిన సీన్ల కింద ఉంది. దాని బదులు నగరం మునగడం, కీడా తల్లిని పోగొట్టుకోవడం పెట్టారు. పనిచేసినవాళ్ళకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నాకు తెలుసు, అయినా ఆ మార్పు నూటికి నూరుపాళ్ళు సరైనది, ఎందుకంటే మొదటిది రాక్షసి గురించి, రెండోది ఒక పిల్ల గురించి. అంత సరైన నిర్ణయం మొదటి రెండు నిమిషాల కోసం తీసుకున్నవాళ్ళు, ఆ పిల్ల పెద్దయ్యాక ఆమెని ఎందుకు వదిలేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దొరికితే ఆ వైకింగ్ సీన్, సినిమా ప్రారంభం పక్కపక్కన పెట్టి చూడండి, తర్వాత ఇక్కడే మళ్ళీ మాట్లాడుకుందాం.